నాలుగు పేర్ల కేంద్రము

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు పడమటి సరిహద్దున, వాబాష్ నది తూర్పు గట్టుమీద టెరహోట్ అను పట్టణము కలదు. విద్యార్థులు పటము తెరచి చూచినచో, రాష్ట్ర రాజధానియైన ఇండియానాపొలిస్ నగరమునకు పడమరగా, కొంచెము దక్షిణమునకు ఒరిగి, సుమారు 75 మైళ్ల దూరమున అది కానవచ్చును. ఫ్రెంచివారు పెట్టిన ఆ పేరునకు మెట్టనేల యని అర్థము. 2020 జనాభా లెక్కలలో అచటి జనసంఖ్య అరువది వేలకు లోపే. మన వైపున ఒక చిన్న పురపాలక సంఘమునకు అది సరిపోవును.

ఊరు చిన్నదే కాని అనామకము కాదు. నవలాకారుడు థియొడోర్ డ్రైజర్ 1871లో జన్మించినది ఇచ్చటనే. కార్మిక నాయకుడై, దేశాధ్యక్ష పదవికి అయిదు మారులు పోటీచేసి, చివరిసారి 1920లో చెరసాలలో నుండియే పోటీచేసిన యూజీన్ డెబ్స్ పుట్టినదియు ఇచ్చటనే. కోకా-కోలా సీసాకు లోకమంతయు గుర్తుపట్టునట్టి ఆకారమును 1915లో కల్పించినది ఈ ఊరి గాజు కర్మాగారము. అయితే నేను చెప్పబోవునది వీరిలో ఎవరి కథయు కాదు. ఈ ఊరి 38వ చానెలు కథ. 1973లో పుట్టిన ఈ టెలివిజన్ కేంద్రము 2011 నాటికి నాలుగు పేర్లు ధరించినది. తన కొలువును రెండుమారులు మార్చి, విడిచిన ప్రభువు చెంతకే తిరిగి చేరినది. ఆ మార్పులలో ఏ ఒక్కదానికిని కారణము టెరహోట్ ఊరిలో మాత్రమే వెదకిన దొరకదు. అందుచేతనే ఈ కథ చెప్పదగినదని నా తలంపు.

టెలివిజన్ అనగానే మనకు మొదట తోచునది దూరదర్శన్. హైదరాబాదు కేంద్రము 1977లో ఆరంభమైనది. ఆ కేంద్రమునకును ఢిల్లీకిని గల సంబంధము కొమ్మకును మానునకును గల సంబంధము. కొమ్మ యొకనాడు లేచి, నే నీ చెట్టున నుండను, ప్రక్క చెట్టునకు పోవుదునని చెప్పుటకు వీలులేదు. అమెరికాలో వ్యవహారము అట్లు కాదు. అచట సి.బి.ఎస్., ఎన్.బి.సి., ఎ.బి.సి. అను మహాసంస్థలు కలవు. వీనికి నెట్‌వర్కులని పేరు. నాటకములు, క్రీడలు, దేశీయ వార్తలు వీరు తయారు చేయుదురు. వానిని ఇంటింటికి చేర్చు గోపురములు మాత్రము చాలవరకు వీరివి కావు. పెద్ద నగరములలో కొన్ని కేంద్రములు వీరికి స్వంతముగా ఉండును. మిగిలిన ఊళ్లలోని కేంద్రములు ఇతరులవి. ఆ యజమానులు ఏదో ఒక నెట్‌వర్కుతో కొన్ని సంవత్సరములకు ఒడంబడిక చేసికొని, దాని కార్యక్రమములను ప్రసారము చేయుదురు. ఈ అనుబంధమునే అఫిలియేషన్ అందురు.

దీనిని మన చిన్న ఊరి సినిమా హాలుతో పోల్చవచ్చును. హాలు ఊరివానిది, చిత్రము డిస్ట్రిబ్యూటరుది. గోడలు, కుర్చీలు, టిక్కెట్లు చింపువాడు స్థిరముగా ఉందురు. పెట్టెలు వచ్చుచు పోవుచుండును. ఇరువురికిని లాభము కుదిరినంత కాలము ఒప్పందము సాగును. కుదరనినాడు గోడమీది బొమ్మ మారును. పోలిక ఒక్క చోట మాత్రము చెల్లదు. సినిమా హాలువాడు వార్తలు చదువడు. టెలివిజన్ కేంద్రము సాయంకాలము తన ఊరి వార్తలను, తన ఊరి వానను, తన పాఠశాలల పందెములను తానే చెప్పవలెను. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. కథ మరల ఇచ్చటికే వచ్చును.

అమెరికా ప్రభుత్వము 1948లో క్రొత్త టెలివిజన్ కేంద్రములకు అనుమతి నిచ్చుట ఆపివేసినది. ఒక ఊరి తరంగములు మరియొక ఊరి తరంగములతో కలియబడి బొమ్మలు చెదరుచుండుటయే అందులకు ముఖ్య కారణము. నాలుగేండ్లు ఆలోచించి, 1952 ఏప్రిల్‌లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వారు దేశ పటమునంతయు ముందు పెట్టుకొని ఏ ఊరికి ఏ చానెలు సంఖ్యలో పంచిపెట్టిరి. ఆ పంపకమునకు వారు పెట్టుకొన్న ఆదర్శములలో రెండు గమనింపదగినవి: దేశమున ప్రతి ప్రాంతమునకును కనీస మొక ప్రసారమైనను అందవలెను, వీలైనంతవరకు ప్రతి ఊరికిని తన స్వంత కేంద్ర మొకటి ఉండవలెను. పెద్ద నగరముల నుండి మహాగోపురములు నిలిపి చిన్న ఊళ్లను వాని నీడలో ఉంచిన చౌకయే యగును. అయినను వారు చిన్న ఊరికి గొంతు నిచ్చు మార్గమునే ఎన్నుకొనిరి. అనుమతి పత్రముపైన ఊరి పేరు వ్రాయబడును. గంట కొకమారు కేంద్రము తన పిలుపు అక్షరములను, వాని వెంటనే ఆ ఊరి పేరును ప్రకటింపవలెనని నిబంధన.

టెరహోట్‌కు మొదట వచ్చినది 10వ చానెలు. 1954 జులైలో అది సి.బి.ఎస్. అనుబంధముతో ఆరంభమైనది. డబ్ల్యు.టి.హెచ్.ఐ. అను దాని పేరులోనే టెరహోట్, ఇండియానా అను మాటల తొలి అక్షరములు ఇమిడియున్నవి. యజమాని టోనీ హల్మన్ ఆ ఊరివాడే. రొట్టెలు పొంగించు బేకింగ్ పౌడరు వ్యాపారమున ధనము గడించి, 1945లో ఇండియానాపొలిస్ మోటారు పందెముల మైదానమును కొనినవాడు. 1965లో ఎన్.బి.సి. అనుబంధముతో 2వ చానెలు వచ్చినది. ఇక మిగిలినది ఎ.బి.సి. మూడింటిలో చిన్నదగు ఆ నెట్‌వర్కునకు ఈ ఊరిలో స్వంత ఇల్లు లేదు. చిన్న ఊళ్లలో ఎ.బి.సి. కార్యక్రమములు మిగిలిన ఇరువురి పంచలలో దొరికిన వేళలలో తల దాచుకొనుట ఆ రోజులలో పరిపాటి.

ఇట్టి ఊళ్లలో ఏ రాత్రి ఏ నాటకము జనులు చూడవలెనో నిర్ణయించువాడు కేంద్రపు మేనేజరు. మూడు సంస్థల వంటకములు వచ్చును. వడ్డించు విస్తరి ఒక్కటే. మాంటానా రాష్ట్రమున గ్లెండైవ్ అను మిక్కిలి చిన్న పట్టణము కలదు. అమెరికాలోని 210 టెలివిజన్ ప్రాంతములలో చిట్టచివరిదిగా లెక్కింపబడినది అదియే. మొత్తము ప్రాంతమునకు నాలుగువేల గృహములు ఉండుటయే గగనము. 1957లో అచట నెలకొన్న కేంద్రము ఒక్కటే సి.బి.ఎస్., ఎన్.బి.సి. రెండింటికిని అనుబంధముగా నుండి చిరకాలము జనులకు ఏది వడ్డింపవలెనో తానే ఎంచుచుండెడిది. అట్టి మేనేజరు పదవిని నేను ఎవరికిని కోరను. ఒకరికి ఇష్టమైనది పెట్టిన మరియొకరికి ఇష్టమైనది పోవును, పోగొట్టుకొన్నవాడు మరునాడు వీథిలో ఎదురుపడును.

1973లో టెరహోట్‌కు 38వ చానెలు వచ్చుటతో ఎ.బి.సి.కి తుదకు స్వంత ఇల్లు దొరికినది. కేంద్రపు తొలి పేరు డబ్ల్యు.ఐ.ఐ.ఎల్. 1977లో చేతులు మారి, క్రొత్త యజమానియైన బహకెల్ పేరునుబట్టి డబ్ల్యు.బి.ఎ.కె. అయినది. ఆ కేంద్రమునకు జాతకమున రెండు దోషములు. మొదటిది చానెలు సంఖ్య. 2 మొదలు 13 వరకు గల చానెళ్ల తరంగములు దూరము పోగలవు. 14కు పైబడిన చానెళ్లకు ఎక్కువ విద్యుచ్ఛక్తి వెచ్చించినను కొండలు, చెట్లు అడ్డుతగులును. తొలినాటి టెలివిజన్ పెట్టెలు అనేకము పై చానెళ్లను అందుకొననే లేకపోయెను. 1962లో చేసిన చట్టమువలన, 1964 తరువాత తయారైన ప్రతి పెట్టెయు అన్ని చానెళ్లను పట్టగలదై ఉండవలసి వచ్చినది. చట్టము పెట్టెను మార్చగలిగినది కాని గాలిని మార్చలేదు. పోటీదారులు 2వ చానెలు, 10వ చానెలు, తాను 38.

రెండవ దోషము పొరుగు. ఇండియానాపొలిస్ నగరమున ఎ.బి.సి. కార్యక్రమములను చూపు పెద్ద కేంద్ర మొకటి ఉండెను. కేబిలు తీగ ఇండ్లకు వచ్చిన తరువాత టెరహోట్ ప్రజలు అదే నాటకమును, అదే వేళకు, రాజధాని కేంద్రములోను చూడగలిగిరి. ఒకే పాట రెండు గొంతులతో వినవచ్చినప్పుడు పెద్ద గొంతు వైపునకే చెవి పోవును. చూచువారు చీలిపోయిన ప్రకటనల ధర తగ్గును. ధర తగ్గిన వార్తలకు మనుష్యులను పెట్టుట కష్టమగును. వార్తలు బలహీనమైన చూచువారు మరింత తగ్గుదురు. చిన్న కేంద్రములను పీడించు విషవలయ మిదియే.

ఇంతలో దూరమున ఒక మహావ్యాపారము జరిగినది. 1986లో పుట్టిన ఫాక్స్ అను నాలుగవ నెట్‌వర్కు 1993 డిసెంబరులో, ఫుట్‌బాల్ పందెములలో ఒక ప్రధాన భాగమును ప్రసారము చేయు హక్కును నాలుగు సంవత్సరములకు 158 కోట్ల డాలర్లు ఒడ్డి సి.బి.ఎస్. చేతినుండి లాగికొనెను. 1956 నుండి సి.బి.ఎస్. పోషించిన పందెములవి. అమెరికా ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. చేతులతో పట్టుకొని పరుగెత్తు ఆట. శరత్కాలపు ఆదివారములలో దేశము దేశమే దానిముందు కూర్చుండును. 1994 మే నెలలో న్యూ వరల్డ్ అను సంస్థ తన చేతిలోని కేంద్రములను గుంపుగా ఫాక్స్ పక్షమునకు మరలించినది. డెట్రాయిట్, అట్లాంటా, క్లీవ్‌లాండ్, మిల్వాకీ నగరములలో సి.బి.ఎస్. నిలువ నీడ వెదకుకొనవలసి వచ్చెను. ఒక నగరమున కదలిన పావు మరియొక నగరమున మరియొక పావును కదల్చెను. ఇండియానా దక్షిణ కొసనున్న ఎవాన్స్‌విల్ అను చిన్న నగరమున 1995 డిసెంబరులో మూడు కేంద్రములు ఒక్క రోజుననే కుర్చీలు మార్చుకొనినవి: ఎ.బి.సి. కేంద్రము ఫాక్స్‌కు, ఫాక్స్ కేంద్రము సి.బి.ఎస్.కు, సి.బి.ఎస్. కేంద్రము ఎ.బి.సి.కి. ముందుదినము వరకు ఒక అంకెవద్ద దొరకిన కార్యక్రమమునకై వృద్ధులు ఎన్ని అంకెలు త్రిప్పి చూచిరో ఊహింపవచ్చును.

టెరహోట్‌లో ఆ మార్పు అంతకు ముందే, 1995 ఏప్రిల్‌లో వచ్చినది. 38వ చానెలు ఎ.బి.సి.ని విడిచి ఫాక్స్‌ను చేపట్టెను. వ్యాపారదృష్టితో చూచిన తప్పుపట్టుట కష్టము. రాజధాని కేంద్రముతో పంచుకొనవలసిన పాత సరకు పోయి, ఆదివారపు ఫుట్‌బాలు వచ్చినది. తరువాత కేంద్రము పేరులోనికిని ఫాక్స్ జాడ ప్రవేశించి, అది డబ్ల్యు.ఎఫ్.ఎక్స్.డబ్ల్యు. అయినది. పోయినదేమి? దేశమున మూడు ప్రధాన నెట్‌వర్కులలో ఒకటియైన ఎ.బి.సి.కి 16 సంవత్సరములపాటు ఈ ప్రాంతమున స్వంత కేంద్రము లేకపోయెను. కేబిలు ఉన్నవారు ఇండియానాపొలిస్ కేంద్రమును చూచిరి. ఆ కేంద్రమువారు చెప్పు నగర వార్తలు ఇండియానాపొలిస్ వీథులవి, టెరహోట్ వీథులవి కావు. అంతియేగాక ఫాక్స్ సాయంకాలపు దేశీయ వార్తలను పంపదు, రాత్రి నాటకములును ఇతరుల కంటె ఒక గంట తక్కువ. ఆ ఖాళీని కేంద్రమే నింపుకొనవలెను. ధనము గల కేంద్రము ఆ గంటను ఊరి వార్తలతో నింపి వృద్ధిలోనికి రావచ్చును. ధనము లేని కేంద్రమునకు పాత నాటకముల పునఃప్రసారమే గతి.

ఇక డబ్బు ప్రవహించు దిక్కు మారిన సంగతి చెప్పవలెను. తొలినాళ్లలో నెట్‌వర్కే కేంద్రమునకు ప్రతిఫల మిచ్చెడిది: నీ గోపురముపై నా కార్యక్రమములు చూపుచున్నావు గనుక ఇదిగో నీ కూలి, అని. 1992లో వచ్చిన కేబిలు చట్టము ఈ లెక్కను తారుమారు చేయుటకు బీజము వేసినది. కేంద్రపు ప్రసారమును తన తీగలమీద పంపదలచిన కేబిలు కంపెనీ ఆ కేంద్రపు సమ్మతి పొందవలెనని ఆ చట్టము చెప్పినది. సమ్మతికి కాలక్రమమున వెల ఏర్పడినది. కేబిలు కంపెనీ కేంద్రమునకు ఇంటికింత చొప్పున ఇచ్చుట మొదలిడినది. అది చూచి నెట్‌వర్కులు అడిగినవి: నా కార్యక్రమములు లేనిచో ఆ వెల నీ కెవరిత్తురు? అందులో నా భాగ మేది? కూలి ఇచ్చినవాడే శిస్తు అడుగువాడాయెను.

2011లో ఫాక్స్ ఈ భాగమును గట్టిగా పట్టుపట్టినది. అప్పటికి 38వ చానెలు ఒక చిత్రమైన ఏర్పాటులో నుండెను. 2003 ప్రాంతమున దానిని మిషన్ అను సంస్థ కొనగా, దినదినపు వ్యవహారము 2వ చానెలు యజమానియగు నెక్స్‌స్టార్ సంస్థ నడుపుచుండెను. పట్టా ఒకరిది, సేద్యము మరియొకరిది. మన కౌలు పద్ధతి వంటిదే. నెక్స్‌స్టార్‌కును ఫాక్స్‌కును లెక్క కుదరలేదు. ఆ ఏడు ఎవాన్స్‌విల్, ఫోర్ట్ వేన్ మున్నగు ఊళ్లలో ఫాక్స్ ఆ సంస్థ కేంద్రములను విడిచి వేరిండ్లు చూచుకొనెను. టెరహోట్‌లో 2011 సెప్టెంబరు 1వ తేదీన 38వ చానెలు తిరిగి ఎ.బి.సి. గూటికి చేరినది. నాలుగవ పేరు డబ్ల్యు.ఎ.డబ్ల్యు.వి. అందలి ఎ అక్షరము ఎ.బి.సి.ని, చివరి రెండక్షరములు వాబాష్ లోయను సూచించును. పదునారేండ్ల వనవాసము ముగిసినదని ఎ.బి.సి. అభిమానులు సంతోషింపవచ్చును.

మరి ఫాక్స్ ఎచటికి పోయినది? ఇచట సాంకేతిక విజ్ఞానము ప్రవేశించును. 2009 జూన్ 12వ తేదీతో అమెరికాలో పెద్ద కేంద్రములు పాత పద్ధతి ప్రసారములను ఆపివేసి డిజిటల్ పద్ధతికి మారినవి. డిజిటల్ తరంగము పాత తరంగముకంటె పొదుపరి. ఒక్క బొమ్మ పట్టెడి వెడల్పులో పలు బొమ్మలను పంపవచ్చును. కనుక ఫాక్స్‌కు వేరు గోపురమే అక్కరలేకపోయెను. 10వ చానెలు తన ఇంటిలోనే ఒక గది ఖాళీచేసి ఇచ్చినది. అదియే 10.2. గ్లెండైవ్‌లోను అంతే. ఏది వడ్డింపవలెనని తలపట్టుకొన్న మేనేజరునకు డిజిటల్ పద్ధతి రెండు విస్తళ్లు సమకూర్చినది.

పైకి చూచిన ఇది శుభాంతము. 1973కు ముందు మూడు నెట్‌వర్కులకు రెండే ఇండ్లు గల ఊరికి 2011 తరువాత నాలుగు నెట్‌వర్కులును లభించినవి. కాని ఇండ్లు లెక్కించి చూడుడు. సి.బి.ఎస్., ఫాక్స్ ఒక కప్పు క్రింద; ఎన్.బి.సి., ఎ.బి.సి. మరియొక నిర్వాహకుని చేతి క్రింద. మరల రెండే. చానెళ్లు పెరిగినవి; ఊరి వార్తలకై వీథిలోనికి పోవువారు ఆ నిష్పత్తిలో పెరగలేదు. నెట్‌వర్కు మారినప్పుడు పత్రికలలో పెద్ద అక్షరములతో వార్త వచ్చును. వార్తా విభాగమున ఒక కుర్చీ ఖాళీయైనప్పుడు రాదు. నాకు రెండవదియే పెద్ద వార్తగా తోచును.

ఏలయన, 2023 మార్చి 31వ తేదీ రాత్రి టెరహోట్‌కు దక్షిణముననున్న సలివాన్ పట్టణమును భీకరమైన సుడిగాలి తాకినది. ముగ్గురు మరణించిరి, ఇండ్లు నేలమట్టమైనవి. మన కోస్తా ప్రజలకు తుపాను తెలియును. తుపాను దినములు ముందుగా కబురు పెట్టి వచ్చును. ఆ దేశపు సుడిగాలి నిమిషములలో వచ్చును. ఏ రోడ్డును దాటుచున్నది, ఏ బడి వైపునకు తిరిగినది, ఎవరు నేలమాళిగలోనికి పరుగెత్తవలెను అని ఆ వీథులు ఎరిగిన మనిషి ఆ క్షణమున చెప్పవలెను. చిన్న ఊరి కేంద్రమున వాతావరణము చెప్పువాడు నటుడు కాడు, కావలివాడు.

2025 జనవరిలో, 10వ చానెలును నడుపుచుండిన అలెన్ మీడియా సంస్థవారు తమ కేంద్రములు పెక్కింటిలో స్థానిక వాతావరణ నిపుణులను తొలగించి, అట్లాంటా నగరములోని వెదర్ చానెల్ నుండియే ఆయా ఊళ్ల వాతావరణము చెప్పింతుమని ప్రకటించిరి. లెక్కకు అది పొదుపే. తరంగములను కొలుచు యంత్రము ఎచటనున్నను పనిచేయునని వారి వాదము. అయితే చిన్న ఊళ్ల ప్రజలు కోపించిరి. నెట్‌వర్కు మారినప్పుడు గొణిగి ఊరకున్నవారే ఇప్పుడు గట్టిగా అడ్డుపడిరి. కొన్నిచోట్ల ఆ నిర్ణయమును నిలిపివేయవలసి వచ్చినది.

హల్మన్ కుటుంబము 1998లో 10వ చానెలును ఎమ్మిస్ సంస్థకు అమ్మివేసెను. అక్కడి నుండి అది లిన్, మీడియా జనరల్, హార్ట్‌లాండ్ సంస్థల చేతులు మారి, 2020లో అలెన్ మీడియా చేతికి వచ్చినది. 2025 ఆగస్టులో గ్రే అను సంస్థ, అలెన్ కేంద్రములు పదింటిని కొనుటకు ఒడంబడిక ప్రకటించినది. అందులో ఇదియు నొకటి. ఇందరు యజమానులు మారినను ఆ 10వ చానెలును సి.బి.ఎస్. మాత్రము 1954 నుండి విడిచిపోలేదు.